కడుపుకు చిల్లు పెట్టే ఫంగస్: మన సంఘాలు తెలుసుకోవలసిన సంగతి



సామాజిక న్యాయం గురించి మాట్లాడుకునే చోట కడుపులో వచ్చే ఒక అరుదైన జబ్బు గురించి చెప్పడమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. భూమి, కూలి, కులం, చదువు మన కూడికల్లో ఎప్పుడూ వినిపించే మాటలు. అయితే ఎవరి జబ్బు సమయానికి బయటపడుతుంది, ఎవరి జబ్బు ప్రాణం పోయాక కూడా బయటపడదు అన్నది కూడా న్యాయానికి సంబంధించిన ప్రశ్నే. ఆ ప్రశ్నను ఈ రోజు ఒక్క జబ్బును పట్టుకుని చూద్దాం.

2021లో కొవిడ్ రెండో విడత వచ్చినప్పుడు మనమందరం 'బ్లాక్ ఫంగస్' అనే మాట విన్నాం. వైద్యులు దాన్ని మ్యూకర్‌మైకోసిస్ అంటారు. ముక్కులో మొదలై, కంటికి పాకి, దవడ ఎముకను తినేసి, మెదడు దాకా వెళ్లిన కేసులు ఆ రోజుల్లో పత్రికల నిండా వచ్చాయి. ప్రాణం దక్కించుకోవడానికి కన్ను తీయించుకున్నవారు ఎందరో. అదే జాతి ఫంగస్ అరుదుగా కడుపులో కూడా పడుతుందనీ, జీర్ణాశయం గోడకు చిల్లు పెడుతుందనీ చాలామందికి తెలియదు.

మేము చెప్పదలచినది ఒక్కటే. ఈ ఫంగస్ తనంతట తాను వచ్చి ఆరోగ్యంగా ఉన్న మనిషి కడుపుకు చిల్లు పెట్టదు. అదుపు తప్పిన షుగరు, చీటీ లేకుండా మింగే మందులు, ఆసుపత్రికి వెళ్లడంలో ఆలస్యం దానికి దారి వేస్తాయి. ఫంగస్ అరుదు. ఈ మూడూ మాత్రం మన ఇళ్లలో, మన పేటల్లో రోజూ కనబడేవే. వీటిలో కొంత మన ప్రార్థన కూడికల్లో కూడా జరుగుతోంది. దాని గురించి దాపరికం లేకుండా మాట్లాడుకోవాలి.

ముందు కడుపు సంగతి. మనం తిన్న అన్నం జీర్ణాశయంలో పడుతుంది. అక్కడ ఊరే ఆమ్లం చాలా ఘాటైనది. ఆ ఆమ్లం కడుపునే కాల్చేయకుండా లోపల జిగురు పొర ఒకటి కాపాడుతూ ఉంటుంది. ఆ పొర దెబ్బతింటే పుండు పడుతుంది. దాన్నే మనం అల్సర్ అంటాం. పుండు లోతుకు పోయి గోడను దాటితే చిల్లు పడుతుంది. అప్పుడు లోపలి ఆమ్లం, ఆహారం, క్రిములు పొట్ట లోపలి ఖాళీలోకి కారిపోతాయి. పేగుల చుట్టూ ఉండే పొర అంతా వాచిపోతుంది. రక్తంలోకి విషం ఎక్కుతుంది. ఆపరేషన్ చేయకపోతే మనిషి దక్కడం కష్టం.

ఇలాంటి చిల్లులు ఎక్కువగా మామూలు అల్సర్ వల్లనే పడతాయి. దానికి రెండు పెద్ద కారణాలున్నాయి. ఒకటి హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. ఆస్ట్రేలియా వైద్యులు బారీ మార్షల్, రాబిన్ వారెన్ 1980ల మొదట్లో దాని సంగతి బయటపెట్టారు. అంతవరకు అల్సర్ అంటే కారం తినడం వల్లనో, దిగులు వల్లనో వస్తుందని లోకమంతా అనుకునేది. ఆ ఇద్దరికీ 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. రెండో కారణం నొప్పి మాత్రలు. డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి చాలాకాలం వాడితే కడుపును కాపాడే పొర పలచబడుతుంది.

ఈ రెండో కారణం దగ్గర కాస్త ఆగుదాం. సోలాపూర్‌లో బీడీలు చుట్టే మన తల్లులకు నడుము నొప్పి, మెడ నొప్పి. చెన్నైలో వీధులు ఊడ్చే, కాలువలు తీసే మన అన్నదమ్ములకు కీళ్ల నొప్పులు. బెంగళూరులో ఇళ్లు కట్టే కూలీలకు ఒళ్లంతా నొప్పి. సెలవు పెడితే కూలి పోతుంది. కాబట్టి విశ్రాంతి బదులు ఒక బిళ్ళ. మందుల షాపులో చీటీ అడగరు. ఒక్కొక్క చోట నొప్పి బిళ్ళతో పాటు చిన్న తెల్ల మాత్ర ఒకటి కలిపి ఇస్తారు. అది స్టెరాయిడ్ అయి ఉండవచ్చు. వేసుకున్న గంటకే ఒళ్లు తేలికవుతుంది, ఆకలి పుడుతుంది, మందు బాగా పనిచేసిందని మనం సంతోషిస్తాం. కానీ అది షుగరును పెంచుతుంది, ఒంట్లో రోగాలను ఎదిరించే శక్తిని తగ్గిస్తుంది. నొప్పి మాత్రతో కలిసినప్పుడు కడుపులో పుండు పడే ప్రమాదాన్ని మరింత పెంచుతుంది. మరి ఆ పుండు పడింది మనిషి అజాగ్రత్త వల్లనా, సెలవు లేని పని వల్లనా? ఇక్కడ న్యాయం ప్రశ్న రాకుండా ఎలా ఉంటుంది?

ఇప్పుడు ఫంగస్ దగ్గరికి వద్దాం. ఫంగస్ అంటే మన ఇంటి భాషలో బూజు. పాత రొట్టె మీద, కుళ్లిన పండు మీద, తడిసిన గోడ మీద పట్టేది ఆ జాతిదే. కడుపు విషయంలో రెండు రకాలు ముఖ్యం.

మొదటిది క్యాండిడా. ఇది బయటి నుంచి వచ్చే శత్రువు కాదు. ఆరోగ్యవంతుల నోట్లో, పేగుల్లో కూడా కొద్దిగా ఉంటుంది. పసిపిల్లల నాలుక మీద తెల్లగా పెరుగులా పేరుకునేది అదే. కడుపులోని ఆమ్లం, పేగుల్లోని మంచి బ్యాక్టీరియా, మన రోగనిరోధక శక్తి కలిసి దాన్ని హద్దులో ఉంచుతాయి. అవసరం లేకుండా యాంటీబయాటిక్స్ వాడి మంచి బ్యాక్టీరియాను చంపేసినప్పుడు, ఆమ్లం తగ్గించే గ్యాస్ మాత్రలు ఏళ్ల తరబడి మింగినప్పుడు, స్టెరాయిడ్లతో ఒంటి శక్తి తగ్గినప్పుడు ఆ హద్దు చెరిగిపోతుంది. అప్పటికే కడుపులో పుండు ఉంటే అందులో క్యాండిడా పెరిగి, కొన్ని అరుదైన సందర్భాల్లో గోడలోకి వేళ్లు దించి చిల్లు పడేలా చేస్తుంది.

రెండోది మ్యూకర్ జాతి. ఇది మట్టిలో, పేడలో, కుళ్లిన ఆకుల్లో, బూజు పట్టిన తిండిలో ఉంటుంది. గాలితో లోపలికి వెళ్తుంది, తిండితో కూడా వెళ్తుంది. మనందరిలోకీ ఎప్పుడో ఒకప్పుడు వెళ్లే ఉంటుంది, మన శరీరం దాన్ని చంపేసే ఉంటుంది. కాబట్టి ఒక బూజు పట్టిన రొట్టె ముక్క తిన్నామని భయపడనక్కరలేదు. అయితే షుగరు బాగా పెరిగి రక్తం ఆమ్లంగా మారిన మనిషిలో, అవయవ మార్పిడి చేయించుకుని మందులు వాడుతున్న మనిషిలో, రక్త క్యాన్సర్ ఉన్న మనిషిలో, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలో, తిండి లేక చిక్కిపోయిన మనిషిలో అది విజృంభిస్తుంది. ఈ ఫంగస్ మనుషుల్లో కలిగించే జబ్బును 1885లోనే పాల్టాఫ్ అనే వైద్యుడు వర్ణించాడు. అంటే 2021లో పుట్టిన కొత్త తెగులు కాదు.

మ్యూకర్ చేసే పని భయంకరమైనది. అది రక్తనాళాల గోడల్లోకి చొచ్చుకుపోతుంది. నాళంలో రక్తం గడ్డకడుతుంది. ఆ నాళం నుంచి రక్తం అందవలసిన భాగం చచ్చిపోయి నల్లబడుతుంది. బ్లాక్ ఫంగస్ అనే పేరు అలా వచ్చింది. నలుపు ఫంగస్ రంగు కాదు, చచ్చిన కండ రంగు. ముఖంలో అయితే ఆ నలుపు కంటికి కనబడుతుంది. కడుపులో అయితే ఎవరికి కనబడుతుంది? లోపల గోడ చచ్చిపోతుంటుంది, బయట మనిషి "గ్యాస్ పట్టేసింది" అంటుంటాడు. చచ్చిన గోడ ఒక రోజు చిరుగుతుంది.

ఇక్కడే వైద్యులకు కూడా చిక్కు వస్తుంది. ఫంగస్ వల్ల పడిన చిల్లు చూడటానికి మామూలు అల్సర్ చిల్లులాగే ఉండవచ్చు. నొప్పి అదే, ఎక్స్‌రే అదే, ఆపరేషన్ కూడా మొదట అదే. పొట్టను కడిగి శుభ్రం చేసి, పేగుల మీద ఉండే కొవ్వు పొరను తెచ్చి చిల్లు మీద అతికిస్తారు. మామూలు పుండు అయితే అది మానిపోతుంది. ఫంగస్ అయితే అతికించిన చోట చుట్టూ ఉన్నది చచ్చిన గోడ. కుట్టు నిలవదు, మళ్లీ కారుతుంది. పైగా రోగికి యాంటీబయాటిక్స్ ఇస్తారు. అవి బ్యాక్టీరియాను చంపుతాయి గాని ఫంగస్‌ను ఏమీ చేయలేవు.

తేల్చుకునే దారి ఉంది. ఆపరేషన్‌లో పుండు అంచు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. దాన్నే బయాప్సీ అంటారు. సూక్ష్మదర్శినిలో చూస్తే ఫంగస్ దారాలు గోడలోకి చొచ్చుకుపోయి ఉన్నాయో లేదో తెలుస్తుంది. పొట్టలో కారిన నీటిలో క్యాండిడా కనబడినంత మాత్రాన అదే చిల్లు పెట్టిందని చెప్పలేం, ఎందుకంటే చిల్లు పడ్డాక కడుపులో ఉన్న క్యాండిడా కూడా బయటికి కారుతుంది. కాబట్టి ముక్క పరీక్షే సాక్ష్యం. ఆ ముక్క పంపకపోతే, పంపినా రిపోర్టు ఎవరూ తెచ్చి చూపించకపోతే, మనిషి "అల్సర్ పగిలి చనిపోయాడు" అని రాసేస్తారు. అరుదు అని మనం అనుకునే జబ్బులో కొంత ఇలా వెతకకపోవడం వల్ల అరుదుగా కనబడేది కూడా ఉంటుంది.

ఏ ఫంగస్ అని తెలియడం కూడా ముఖ్యమే. క్యాండిడాకు సాధారణంగా వాడే ఫ్లూకొనజోల్ మ్యూకర్ మీద పనిచేయదు. మ్యూకర్‌కు ఆంఫోటెరిసిన్ బి అనే ఇంజక్షన్ కావాలి, చచ్చిన భాగాన్ని కోసి తీసేయాలి, షుగరును వెంటనే అదుపులోకి తేవాలి. ఈ మూడూ కలిసి జరగాలి. అంత చేసినా మరణాలు ఎక్కువే. ఆలస్యమైతే చెప్పనక్కరలేదు.

ఆంఫోటెరిసిన్ పేరు చెబితే 2021 మే, జూన్ నెలలు గుర్తుకు రావాలి. ఆ మందు దొరకక కుటుంబాలు ఊరూరా తిరిగాయి. రాష్ట్ర ప్రభుత్వాలు కంపెనీల చుట్టూ, కేంద్రం చుట్టూ తిరిగాయి. మ్యూకర్‌మైకోసిస్ కేసులను తప్పనిసరిగా నమోదు చేయాలని ఆ మే నెలలో కేంద్రం రాష్ట్రాలను కోరింది. జూన్ 12న జీఎస్టీ మండలి ఆ మందు మీద ఉన్న 5 శాతం పన్నును కొంతకాలం పూర్తిగా తీసేసింది. పాత రకం ఆంఫోటెరిసిన్ చౌక, కానీ మూత్రపిండాల మీద భారం ఎక్కువ. లైపోసోమల్ అనే మెరుగైన రకం మూత్రపిండాలకు అంత హాని చేయదు, కానీ ధర చాలా ఎక్కువ, వారాల తరబడి ఇవ్వాలి. ఇల్లు తాకట్టు పెట్టగలవారు ఒక రకం, అదీ లేనివారు మరో రకం. ఒకే జబ్బుకు రెండు న్యాయాలు.

మందులకు మరో చరిత్ర కూడా ఉంది, అది యవనస్తులు వినాలి. ఫంగస్ మీద పనిచేసే నిస్టాటిన్ అనే మందును 1950లో అమెరికాలో ఇద్దరు స్త్రీలు లోకానికి చూపించారు. ఎలిజబెత్ లీ హేజెన్ సూక్ష్మజీవుల శాస్త్రవేత్త, రేచల్ ఫుల్లర్ బ్రౌన్ రసాయన శాస్త్రవేత్త. ఇద్దరూ న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్య శాఖలో పనిచేసేవారు. ఒకరు న్యూయార్క్ నగరంలో, మరొకరు ఆల్బనీలో. మట్టి నమూనాలు సీసాల్లో పోస్టు ద్వారా పంపించుకుంటూ పనిచేశారు. బ్రౌన్ తన సంఘంలో చురుకైన సభ్యురాలు కూడా. ఆ మందు మీద వచ్చిన రాయల్టీ 1 కోటి 30 లక్షల డాలర్లు దాటింది. ఆ ఇద్దరూ దాన్ని సొంతానికి ఉంచుకోకుండా శాస్త్ర పరిశోధనకే వదిలేశారు. రోగుల బాధ మీద ధనవంతులు కాకూడదని నిర్ణయించుకున్నవారు ఉన్నారు. మందు ధర అంటే ప్రకృతి నియమం కాదు, మనుషులు తీసుకునే నిర్ణయం అని వారి జీవితం చెబుతోంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 అక్టోబరులో మొదటిసారిగా ప్రమాదకరమైన ఫంగస్‌ల జాబితా విడుదల చేసింది. అందులో 19 ఉన్నాయి. క్యాండిడా అల్బికాన్స్ అత్యంత ప్రమాదకరమైన వర్గంలో ఉంది, మ్యూకర్ జాతి దాని తరువాతి వర్గంలో ఉంది. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగరు వ్యాధి ఉన్నవారు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది. ఈ రెండు సంగతులను పక్కపక్కన పెట్టి చూడండి. మ్యూకర్‌కు నచ్చే నేల మన దేశంలో ఎంత పరచుకుని ఉందో అర్థమవుతుంది.

ఇప్పుడు మన సంఘాల సంగతి మాట్లాడుకుందాం. నొచ్చుకోకుండా వినండి.

స్వస్థత కూడిక జరుగుతుంది. ప్రార్థన చేస్తారు. ఎన్నో ఏళ్లుగా ఇన్సులిన్ తీసుకుంటున్న ఒక తల్లి లేచి "నన్ను ప్రభువు ముట్టాడు" అంటుంది. అందరం స్తోత్రం అంటాం. ఆమె ఇంటికి వెళ్లి ఇన్సులిన్ ఆపేస్తుంది, ఎందుకంటే సూది వేసుకుంటే విశ్వాసం లేనట్టు అని ఎవరో చెప్పారు. కొద్దిరోజుల్లో షుగరు విపరీతంగా పెరుగుతుంది. శరీరం చక్కెరను వాడుకోలేక కొవ్వును కరిగించుకుంటుంది, రక్తం ఆమ్లంగా మారుతుంది. దీన్ని కీటోఅసిడోసిస్ అంటారు. అలా మారినప్పుడు రక్తంలో మామూలుగా కట్టుబడి ఉండే ఇనుము విడిపోతుంది. మ్యూకర్ ఫంగస్ పెరగడానికి కావలసింది ఆ ఇనుమే. అంటే ఇన్సులిన్ ఆపడం ఆ ఫంగస్‌కు భోజనం వడ్డించినట్టు. ఫంగస్ రాకపోయినా కీటోఅసిడోసిస్ ఒక్కటే ప్రాణం తీయగలదు.

ప్రార్థన వద్దని మేము అనడం లేదు. ప్రార్థనే మన ఊపిరి. కానీ లేఖనాలు ప్రార్థననూ మందునూ విడదీశాయా? హిజ్కియా రాజు ఏడ్చి ప్రార్థించాడు, దేవుడు విన్నాడు. ఆ తరువాత యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద కట్టమన్నాడు. జవాబు వచ్చిన తరువాత కూడా మందు కట్టారు. తిమోతికి కడుపు జబ్బు ఉండేది. పౌలు అతనికి విశ్వాసం చాలలేదని రాయలేదు. ఆ రోజుల్లో కడుపుకు మంచిదని తెలిసిన దాన్ని పుచ్చుకోమని సలహా రాశాడు. ఆయన ప్రయాణాల్లో తోడున్న లూకా వైద్యుడు. కాబట్టి స్వస్థత పొందానని ఎవరైనా సాక్ష్యం చెబితే, సంతోషించి, మరునాడు రక్త పరీక్షకు మనమే తీసుకెళ్దాం. మందు ఆపాలో, తగ్గించాలో డాక్టరు రిపోర్టు చూసి చెబుతారు. దేవుడు చేసిన కార్యం రక్త పరీక్షకు భయపడదు.

ఉపవాస ప్రార్థనల విషయం కూడా ఇంతే. షుగరు ఉన్నవారు ఉపవాసం ఉండాలనుకుంటే ముందుగా డాక్టరును అడగాలి. తిండి మానేసి మాత్ర వేసుకుంటే షుగరు పడిపోవచ్చు, మాత్ర మానేస్తే పెరిగిపోవచ్చు. మన కాపరులు ఈ మాటను పుల్పిట్ మీద నుంచే చెబితే ఎంతోమంది వింటారు.

కడుపు చిల్లు విషయంలో మరొక మోసం ఉంది, దీన్ని బాగా గుర్తుపెట్టుకోండి. చిల్లు పడినప్పుడు మొదట కత్తితో పొడిచినట్టు నొప్పి వస్తుంది. కొన్ని గంటల తరువాత ఆ నొప్పి కాస్త తగ్గినట్టు అనిపించవచ్చు. పొట్టలో ఊరిన నీరు ఆమ్లం ఘాటును తగ్గించడం వల్ల అలా జరుగుతుంది. అది నయం కావడం కాదు. ఆ సమయంలో ఇంటి దగ్గర ప్రార్థన చేసినవారు జవాబు వచ్చిందనుకుంటారు, సూది వేసిన ఆర్ఎంపీ తన మందు పనిచేసిందనుకుంటాడు. ఆ తరువాత పొట్ట ఉబ్బి, నాడి పడిపోయి, మనిషి చల్లబడిపోతాడు. ముసలివారిలో, షుగరు ఉన్నవారిలో, స్టెరాయిడ్లు వాడేవారిలో మొదటి నొప్పి కూడా అంత గట్టిగా తెలియకపోవచ్చు. వారి విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి.

అయితే మనం ఏం చేయాలి?

ఉన్నట్టుండి కడుపులో భరించలేని నొప్పి, పొట్ట బల్లలా గట్టిపడటం, కదిలితే నొప్పి పెరగడం, నొప్పి భుజం దాకా పాకడం, నల్లటి విరేచనం, రక్తపు వాంతి, చల్లటి చెమటలు: వీటిలో ఏది కనబడినా ఆ గంటలోనే ఆపరేషన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నోటికి ఏమీ ఇవ్వకూడదు, సోడా గాని, గ్యాస్ మందు గాని, మజ్జిగ గాని. నొప్పి సూది వేయించుకుని ఇంటికి వచ్చి పడుకోకూడదు. ఆసుపత్రిలో నిలబెట్టి ఛాతీ ఎక్స్‌రే తీస్తే, కడుపు నొప్పికి ఛాతీ ఎందుకని తగాదా పెట్టుకోకండి. చిల్లు నుంచి బయటికి వచ్చిన గాలి గుండె కింది పొర దగ్గర చేరి ఆ ఎక్స్‌రేలో కనబడుతుంది.

డాక్టరుకు చెప్పవలసినవి చెప్పాలి. షుగరు ఎన్నేళ్లుగా ఉంది, ఇన్సులిన్ ఎప్పుడు ఆపారు, ఏ నొప్పి మాత్రలు వాడారు, స్టెరాయిడ్ వాడారా, మద్యం ఉందా. సిగ్గుపడి దాచితే నష్టం రోగికే. పేరు తెలియకపోతే మాత్రల అట్ట తీసుకెళ్లి చూపించండి.

యవనస్తులారా, ఈ పని మీది. మీరు కన్నడలో, తమిళంలో, ఒడియాలో, మరాఠీలో చదువుకున్నారు. మన పెద్దవారికి బజారు భాష వచ్చు గాని, ఒంట్లో బాధ చెప్పుకునేటప్పుడు తెలుగే నోటికి వస్తుంది. మంట వేరు, పోటు వేరు, తిప్పడం వేరు, పట్టేయడం వేరు. మన అమ్మమ్మ వీటన్నిటినీ బయటి వాళ్లతో 'గ్యాస్' అనే ఒక్క మాటలో చెప్పేస్తుంది. డాక్టరు గ్యాస్ మాత్ర రాసి పంపేస్తాడు. మీరు పక్కన ఉండి ఆ తేడాను చెబితే ఒక ప్రాణం నిలవవచ్చు.

ఆపరేషన్ అయిన తరువాత సర్జన్‌ను మర్యాదగా రెండు ప్రశ్నలు అడగండి. "పుండు అంచు ముక్క బయాప్సీకి పంపారా అండీ? ఫంగస్ కోసం కూడా చూడమన్నారా?" ముఖ్యంగా రోగికి షుగరు ఉన్నా, స్టెరాయిడ్లు వాడినా, అతికించిన చోట మళ్లీ కారుతున్నా ఈ మాట అడగడం మన హక్కు. రిపోర్టు వచ్చే తేదీ రాసుకుని, ఆ రోజు వెళ్లి తెచ్చి డాక్టరు చేతిలో పెట్టాలి. ఎన్నో రిపోర్టులు ల్యాబులోనే ఉండిపోతాయి.

ఖర్చు విషయం ముందుగానే చూసుకోవాలి. ఆయుష్మాన్ భారత్ పథకం 2018 సెప్టెంబరులో మొదలైంది, అర్హత ఉన్న కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా ఆసుపత్రి ఖర్చు ఇస్తుంది. కర్ణాటకలో అది ఆరోగ్య కర్ణాటకతో కలిసి నడుస్తోంది. తమిళనాడులో ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకం ఉంది. మహారాష్ట్రలో మహాత్మా జ్యోతిరావు ఫులే జన ఆరోగ్య యోజన ఉంది. ఒడిశాలో గోపబంధు జన ఆరోగ్య యోజన ఉంది. పనిచేసే చోట ఈఎస్ఐ కోత పడుతుంటే ఆ కార్డు కూడా అడిగి తీసుకోవాలి. కాంట్రాక్టు కార్మికులమని దాన్ని వదులుకోకండి. మన కుటుంబాల్లో పేరు ఒక కార్డులో ఒకలా, మరో కార్డులో ఇంకోలా ఉండటం మామూలే. ఇంటిపేరు ముందుకు వెనక్కి మారుతుంది, బాప్తిస్మం పేరు ఒకటి, బడిలో పేరు ఒకటి. ఆసుపత్రి కౌంటర్ దగ్గర ఆ తేడా బయటపడితే అప్పటికప్పుడు ఏమీ చేయలేం. ఆదివారం ఆరాధన తరువాత ఒక గంట కూర్చుని సంఘంలో ప్రతి కుటుంబం కార్డులు సరిచూడండి. యానాం వారికి సొంత పాలన కేంద్రం పుదుచ్చేరి 800 కిలోమీటర్లకు పైగా దూరం, పక్కనున్న కాకినాడ వేరే రాష్ట్రం. ఒడిశాలో రాయగడ వారు విశాఖపట్నం వైపు చూస్తారు. ఏ కార్డు ఏ రాష్ట్రపు ఆసుపత్రిలో చెల్లుతుందో జబ్బు రాకముందే కనుక్కుని రాసి పెట్టుకోవాలి.

చివరిగా, సంఘంలో నెలకు ఒకసారి షుగరు, రక్తపోటు చూసే ఏర్పాటు చేసుకోండి. మన సంఘాల్లో నర్సులు ఎంతోమంది ఉన్నారు. నర్సు పని మన ఆడబిడ్డలకు తరతరాలుగా వచ్చిన సేవ. వారిని అడిగితే కాదనరు. వేలి నుంచి ఒక చుక్క రక్తం, రెండు నిమిషాల పని. నొప్పి మాత్రలు రోజూ మింగుతున్నవారి పేర్లు తెలుసుకోండి. వారికి పనిలో విశ్రాంతి ఇప్పించడం కోసం మాట్లాడటం కూడా సువార్త పనే.

మంచి సమరయుని కథ మనకందరికీ తెలుసు. అతడు గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టాడు. తన వాహనం మీద ఎక్కించుకున్నాడు. పూటకూళ్ల ఇంట్లో రెండు దేనారాలు కట్టాడు. ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానన్నాడు. ప్రథమ చికిత్స, ప్రయాణం, ఖర్చు, మళ్లీ వచ్చి చూడటం, నాలుగూ అందులో ఉన్నాయి. దెబ్బలు తిని పడి ఉన్నవాణ్ని చూసి పక్కకు తప్పుకుని వెళ్లిన ఇద్దరూ మతం తెలిసినవారే.

కడుపుకు చిల్లు పెట్టే ఫంగస్ మన సంఘంలో ఒక్కరికి కూడా ఎప్పటికీ రాకపోవచ్చు. రాకూడదనే మా ప్రార్థన. కానీ దాని కోసం మనం చేసే ప్రతి పనీ, అంటే షుగరు చూసుకోవడం, ఇన్సులిన్ ఆపకపోవడం, చీటీ లేని మందు మానుకోవడం, ఆలస్యం చేయకపోవడం, రిపోర్టు వెతికి తేవడం, మామూలు అల్సర్ నుంచి, గుండె జబ్బు నుంచి, మూత్రపిండాల జబ్బు నుంచి కూడా మనవారిని కాపాడుతుంది. ఈ వారం ఇంటికి వెళ్లాక ఒక పని చేయండి. మీ ఇంట్లో, మీ వీధిలో షుగరు ఉన్న ఒక పెద్దమనిషిని పలకరించి, "మందు వేసుకుంటున్నారా, చివరిసారి రక్త పరీక్ష ఎప్పుడు చేయించారు?" అని అడగండి. ఆ మాటతో పని మొదలవుతుంది.

మన శరీరాలను తన ఆలయాలుగా చేసుకున్న దేవుడు, ఆ ఆలయాలను కాపాడుకునే తెలివినీ, ఒకరి భారం ఒకరు మోసే ప్రేమనూ మనకు దయచేయును గాక. ఆమేన్.